పదిహేడేళ్ల ఎలియో, కనిపించని పెద్ద ఎలియో: 'కాల్ మీ బై యువర్ నేమ్' చిత్రంలో వయోభేదం, ప్రేక్షక స్పందన

వ్యాససంగ్రహం:
లూకా గ్వాదన్యీనో దర్శకత్వంలో 2017లో వచ్చిన 'కాల్ మీ బై యువర్ నేమ్' ఇద్దరు పురుషుల ప్రేమకథ. వారిద్దరి మధ్య ఉన్న ఏడేళ్ల ఎడం కొందరు ప్రేక్షకులకు దోపిడీగా తోచింది, మరికొందరికి దొరకక దొరికిన భాగ్యంగా తోచింది. ఈ రెండు స్పందనలూ చిత్ర నిర్మాణంలో ఉన్న ఒక ఖాళీ నుంచి పుట్టాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మూలనవలలో తన యౌవనాన్ని వెనుదిరిగి చూసుకునే పెద్ద ఎలియోను సినిమా తొలగించింది. ఆ స్థానాన్ని ప్రేక్షకులు తమతమ అనుభవాలతో పూరించారు.

కీలక పదాలు: స్వలింగ ప్రేమ, వయోభేదం, సమ్మతి, కథనదృష్టి, అనుసరణ, ప్రేక్షక స్పందన.

ఏడేళ్ల ఎడం

1983 వేసవి. ఉత్తర ఇటలీలోని ఒక పాత భవంతి. పురావస్తు ఆచార్యుడైన పర్ల్‌మన్ ప్రతి వేసవికీ ఒక పరిశోధక విద్యార్థిని ఆరు వారాల అతిథిగా పిలుస్తాడు. ఆ ఏడాది వచ్చినవాడు అమెరికన్ యువకుడు ఆలివర్. ఆచార్యుడి ఏకైక పుత్రుడు ఎలియో తన గదిని అతిథికి ఖాళీ చేసి పక్క గదిలోకి మారతాడు. ఎలియోకు పదిహేడేళ్లు. నవల ప్రకారం ఆలివర్‌కు ఇరవై నాలుగు. కథ అంతా ఈ రెండు గదుల మధ్య, వీటిని కలిపే స్నానాల గది చుట్టూ నడుస్తుంది.

ఆంద్రే ఆసిమన్ 2007లో ఆంగ్లంలో ప్రచురించిన నవల దీనికి ఆధారం. స్క్రీన్‌ప్లే రాసిన జేమ్స్ ఐవరీ 2018లో 89 ఏళ్ల వయస్సులో ఆస్కార్ అందుకున్నారు. పురస్కారాలతోపాటే వివాదమూ వచ్చింది. చిత్రం 2017 జనవరిలో సన్‌డాన్స్ ఉత్సవంలో మొదటిసారి ప్రదర్శితమైంది, అమెరికా థియేటర్లకు నవంబరులో చేరింది. ఈ రెండు తేదీల నడుమ, అక్టోబరులో, 'మీటూ' ఉద్యమం ఉప్పెనలా లేచింది. జనవరి ప్రేక్షకుడు వేసవి ప్రేమకథను చూశాడు. నవంబరు ప్రేక్షకుడు అదే కథను అధికారం, వయస్సు, సమ్మతి అనే మూడు ప్రశ్నలు చేతబట్టుకొని చూశాడు. సినిమాలో ఒక్క ఫ్రేము కూడా మారకుండానే దాని అర్థం మారిపోయిన అరుదైన సందర్భమిది.

ఆక్షేపించినవారి వాదం తేలికగా తీసివేయదగినది కాదు. ఎలియో ఇంకా తల్లిదండ్రుల నీడలో ఉన్న పిల్లవాడు. ఆలివర్ విశ్వవిద్యాలయ స్థాయి పండితుడు. మొదటి స్పర్శ కూడా అతనిదే: వాలీబాల్ ఆట మధ్యలో ఎలియో భుజం నొక్కుతాడు, ఎలియో బిగుసుకుపోయి తప్పించుకుంటాడు. ఆ స్పర్శ తన ఇష్టానికి సంకేతమని ఆలివర్ తరువాత చెబుతాడు. ఎలియో స్పందన చూసి తానేదో అఘాయిత్యం చేసినట్లు అనిపించిందని కూడా అంటాడు. అంటే ఆక్షేపకులు వాడుతున్న మాట పాత్ర నోటనే ముందుగా వెలువడింది. సమర్థకులు దీనికి ఎదురుగా యుద్ధస్మారకం దగ్గరి సన్నివేశాన్ని చూపుతారు. అక్కడ నోరు విప్పినవాడు ఎలియో. ఇనుప కంచె చుట్టూ ఒకరు ఇటు, ఒకరు అటు నడుస్తుంటే కెమెరా దూరంగా నిలబడి, కోత లేకుండా ఇద్దరినీ చూస్తుంది. ఆలివర్ అతణ్ణి ఆపే ప్రయత్నం చేస్తాడు. మొదటి ముద్దు తరువాత కూడా హద్దు దాటవద్దనేవాడు ఆలివరే.

ఇరుపక్షాలకూ సాక్ష్యం సినిమాలోనే ఉంది. కనుక ఎవరు సినిమాను సరిగా చూశారు అనే ప్రశ్న నిలవదు. ఇన్ని విరుద్ధ పఠనాలకు చోటిచ్చిన నిర్మాణం ఎలాంటిది అన్నదే విమర్శ అడగవలసిన ప్రశ్న.

కంటికి కనిపించే వయస్సు

నవలలో వయస్సు ఒక అంకె. తెరమీద అది ఒక శరీరం. 2016లో చిత్రీకరణ జరిగేనాటికి ఎలియో పాత్రధారి తిమొతీ షాలమేకు 20 ఏళ్లు, ఆలివర్ పాత్రధారి ఆర్మీ హ్యామర్‌కు 29. వాస్తవమైన ఎడం తొమ్మిదేళ్లే అయినా కంటికి అంతకన్నా ఎక్కువగా తోస్తుంది. షాలమే సన్నని దేహం, పొడవైన చేతులు, ఎక్కడ పెట్టుకోవాలో తెలియని కాళ్లు పదిహేడుకన్నా తక్కువనే సూచిస్తాయి. హ్యామర్ గొంతు, ఎత్తు, ఛాతీ ముప్ఫై దాటిన పురుషుణ్ణి తలపిస్తాయి. ఇరవై నాలుగేళ్ల విద్యార్థిలో ఉండే తడబాటు ఆ శరీరంలో కనిపించదు. సినిమా మీద వచ్చిన ఆక్షేపణలో సగం ఈ పాత్రధారుల ఎంపిక తెచ్చిపెట్టినదే. నవలా పాఠకులకు ఈ ఇబ్బంది ఇంతగా కలగకపోవడానికి కారణం వారి నైతిక శైథిల్యం కాదు, వారి ముందు శరీరం లేకపోవడం.

దీన్ని పరీక్షించడానికి టాడ్ హేన్స్ తీసిన 'కారోల్' (2015) ఉపకరిస్తుంది. పట్రీషియా హైస్మిత్ 1952 నాటి నవల దానికి మూలం. అందులో దుకాణంలో పనిచేసే తెరీజ్‌కు పంతొమ్మిదేళ్లు. కారోల్ ఒక బిడ్డకు తల్లి, ధనికురాలు, కారు ఆమెది, ప్రయాణపు ఖర్చూ ఆమెదే. వయస్సుకు వర్గం తోడై అక్కడి ఎడం నిజానికి ఇంకా లోతైనది. అయినా ఆ చిత్రం మీద ఇంత దుమారం రేగలేదు. తెరీజ్ పాత్రధారిణి రూనీ మారా పూర్ణవయస్క స్త్రీగా కనిపించడం ఒక కారణం. ఇద్దరు స్త్రీల మధ్య ప్రేమను సమాజం వేటగా ఊహించడానికి అలవాటుపడకపోవడం రెండో కారణం. పెద్ద పురుషుడు, చిన్న కుర్రవాడు అనగానే మేల్కొనే అనుమానానికి మాత్రం సుదీర్ఘమైన చరిత్ర ఉంది.

వయస్సు అనే ఆయుధం

1895లో లండన్ న్యాయస్థానంలో ఆస్కార్ వైల్డ్ తన ప్రేమను సమర్థించుకుంటూ పెద్దవాడికి చిన్నవాడిపై కలిగే అనురాగాన్నే ఉదాత్తమైనదిగా వర్ణించాడు. ప్లేటోనూ మైకెలాంజెలోనూ షేక్‌స్పియర్‌నూ సాక్షులుగా పిలిచాడు. ఆనాడు వయోభేదం ఆ ప్రేమకు గౌరవచిహ్నం, కనీసం అలా చెప్పుకోవడానికి వీలైన ఏకైక సంప్రదాయం. గ్వాదన్యీనో చిత్రం ఆ సంప్రదాయాన్ని ఎరిగే మొదలవుతుంది. పేర్లు పడుతున్నప్పుడే ప్రాచీన పురుష శిల్పాల ఛాయాచిత్రాలు తెరమీదికి వస్తాయి. తరువాత గార్డా సరస్సులోంచి ఒక కంచు విగ్రహాన్ని పైకి లాగుతారు. ఆ శిల్పాల వయసెరుగని దేహాలు చూపరిలో కోరికను రేపుతాయని పర్ల్‌మన్ ఆలివర్‌కు వివరిస్తాడు. గ్రీకు ముసుగు అందంగానే ఉంది. కానీ అది ముసుగేనని ఒప్పుకోవాలి. శిల్పానికి వయసు ఉండనక్కరలేదు, పదిహేడేళ్ల కుర్రవాడికి ఉంటుంది.

ఇరవయ్యో శతాబ్దంలో ఇదే వయస్సు రాజ్యం చేతిలో ఆయుధమైంది. ఇంగ్లండు, వేల్స్‌లలో 1967 చట్టం పురుషుల మధ్య సంబంధాన్ని నేరపరిధి నుంచి కొంత తప్పించింది కానీ సమ్మతి వయస్సును 21గా నిర్ణయించింది. స్త్రీపురుష సంబంధానికి అది 16. 1994లో 21 కాస్తా 18 అయింది. సమానత్వం రావడానికి 2000 నాటి చట్టం దాకా ఆగవలసి వచ్చింది. పందొమ్మిదేళ్ల యువకుడు పరిణతుడే, కానీ పురుషుణ్ణి ప్రేమిస్తే బాలుడు: ముప్ఫై ఏళ్లకు పైగా చట్టం ఈ రెండు నాలుకల ధోరణిని మోసింది. స్వలింగ ప్రేమికులు పిల్లలను చెడగొడతారనే అపవాదు దాని వెనుక ఉంది.

స్వలింగ ప్రేమికులైన ప్రేక్షకులే ఈ సినిమా విషయంలో రెండుగా చీలడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది. ఒక వర్గం దృష్టిలో ఈ కథ పాత అపవాదుకు కొత్త ఊపిరి. ఎన్నో ఏళ్లుగా తుడిచేసుకుంటున్న మరకను ఒక అందమైన సినిమా మళ్లీ పూసిందని వారి బాధ. మరో వర్గం వాదన భిన్నం. స్త్రీపురుష ప్రేమకథల్లో ఇంతకు రెట్టింపు ఎడం ఉన్నా ఎవరూ లెక్కకట్టరు, లెక్క మా దగ్గరే ఎందుకు మొదలవుతుంది అని వారు అడుగుతారు. యాభై దాటిన కథానాయకుడి పక్కన ఇరవైలలో ఉన్న నాయికను పండుగ పండుగకూ చూస్తున్న తెలుగు ప్రేక్షకుడు ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసి ఉంటుంది. అయితే ఒక చోట ఉన్న అలసత్వం మరో చోట అలసత్వానికి హక్కు కాదు. ఆ వాదం కపటాన్ని బయటపెడుతుంది కానీ ఎలియో విషయంలో ఏమీ తేల్చదు.

వయస్సును గురించిన ఆందోళన అంతా పరదూషణ మాత్రమే అనుకోవడమూ పొరపాటు. విస్కాంటీ 'డెత్ ఇన్ వెనిస్' (1971)లో తాజియోగా నటించినప్పుడు బ్యోర్న్ ఆంద్రేసెన్‌కు 15 ఏళ్లు. ఆ కథలో వృద్ధకళాకారుడు బాలుణ్ణి తాకనైనా తాకడు. కానీ ఆ సినిమా తెచ్చిన చూపుల భారం తన జీవితాన్ని ఎలా కుంగదీసిందో ఆంద్రేసెన్ 2021 నాటి డాక్యుమెంటరీలో చెప్పుకున్నాడు. కథలో హాని లేని చోట నటుడికి హాని జరిగింది. 'కాల్ మీ బై యువర్ నేమ్' ఈ విషయంలో భిన్నం, నటులిద్దరూ వయోజనులే. కథలోని బాలుడికీ సెట్‌లోని నటుడికీ మధ్య ఉన్న ఈ తేడాను వాదప్రతివాదాలు పట్టించుకున్నది తక్కువ.

చట్టాల సంగతి కూడా ఒక మాట. ఇటలీలో సమ్మతి వయస్సు 14. అక్కడ స్వలింగ సంబంధం పందొమ్మిదో శతాబ్దం చివరి శిక్షాస్మృతి నుంచే నేరం కాదు. భారతదేశంలో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 నిండనివారంతా బాలలే. 2018 సెప్టెంబరు 6న సుప్రీం కోర్టు 377వ సెక్షన్ పరిధి నుంచి తప్పించిన సంబంధమూ వయోజనులదే. కాబట్టి ఎలియో క్రేమాలో ప్రేమికుడు, హైదరాబాదులో బాధితుడు. చట్టం ఇలా గీత గీయడం అవసరమే. ఎక్కడో ఒక చోట గీయక తప్పదు. విమర్శ పని మాత్రం ఆ గీత దగ్గర ముగియదు.

గిరీశం నేర్పిన లెక్క

తెలుగు సాహిత్యానికి వయోభేదం కొత్త వస్తువు కాదు. 1892లో తొలిసారి ప్రదర్శితమై 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' పుట్టుకే దానిమీద. పడుచుదనం ఎరగని సుబ్బికి ముసలి లుబ్ధావధాన్లతో పెళ్లి తలపెట్టడం కళ్లకు కట్టే ఘోరం. అయితే గురజాడ అక్కడితో ఆగలేదు. బుచ్చమ్మకూ గిరీశానికీ మధ్య చూపరికి కొట్టొచ్చినట్టు కనిపించే వయోభేదం లేదు. వారి మధ్య ఉన్న ఎడం మరో రకానిది: ఇంగ్లీషు మాటలు, పట్నవాసపు తెలివి, సంస్కరణ పేరుతో అల్లే వల. లుబ్ధావధాన్లను ఏళ్ల లెక్కతో పట్టుకోవచ్చు. గిరీశాన్ని ఆ లెక్కతో పట్టుకోలేం. ఎవరికి ఎంత తెలుసు, ఎవరు తప్పించుకు పోగలరు అన్న లెక్క వేస్తేనే అతను దొరుకుతాడు.

ఈ రెండో లెక్కను ఎలియో, ఆలివర్లకు వర్తింపజేస్తే ఫలితం ఆసక్తికరంగా ఉంటుంది. జ్ఞానంలో ఎలియో తక్కువవాడు కాడు. మూడు భాషల్లో సంచరిస్తాడు. బాఖ్ రచనను లిస్ట్ వాయించినట్టూ బుసోనీ వాయించినట్టూ మార్చి మార్చి వాయించి ఆలివర్‌ను ఆటపట్టిస్తాడు. ఇల్లు అతనిది, ఊరు అతనిది, నది అతనిది. ఆలివర్ పరాయివాడు, ఆతిథ్యం మీద బతుకుతున్నవాడు. గిరీశం పోలిక ఇక్కడ చెల్లదు. కానీ రెండు విషయాల్లో ఎడం మిగిలే ఉంది. శరీరానుభవం ఆలివర్‌కు ఉంది, ఎలియోకు దాదాపు లేదు. ఆరు వారాల తరువాత రైలెక్కేవాడు ఆలివర్, ప్లాట్‌ఫారం మీద మిగిలేవాడు ఎలియో. స్టేషన్ నుంచి తల్లికి ఫోన్ చేసి, వచ్చి తీసుకువెళ్లమని అడిగే ఆ కుర్రవాడి గొంతు సినిమా మొత్తంలో అతని వయస్సును నిక్కచ్చిగా చెప్పే ఘట్టం.

వయస్సు లెక్కలో మునిగిన ఇరుపక్షాలూ మార్జియాను మరిచిపోయాయి. ఈ కథలో నిర్ద్వంద్వంగా గాయపడినది ఆమె. ఎలియో ఆమెతో శరీరం పంచుకుని, కొన్ని రోజులపాటు ముఖం చాటేస్తాడు. ఆమె అతని ఈడుదే. ఏళ్ల ఎడం లేని చోట జరిగిన ఆ నొప్పిని ఏ ప్రేక్షకుడూ ఆక్షేపణగా మలచలేదు. తరువాత ఆమె వచ్చి స్నేహం కోరుతూ క్షమించేస్తే, సినిమా కూడా ఊపిరి పీల్చుకుని ముందుకు సాగిపోతుంది.

పెద్ద ఎలియో ఎక్కడ?

ఆసిమన్ నవలను చెప్పేవాడు పదిహేడేళ్ల కుర్రవాడు కాడు. చాలా ఏళ్ల తరువాత ఆ వేసవిని తలుచుకుంటున్న పెద్దవాడు. పదిహేనేళ్ల తరువాత అమెరికాలో ఆచార్యుడైన ఆలివర్‌ను అతను కలుసుకుంటాడు. ఇరవై ఏళ్ల తరువాత ఆలివర్ ఆ ఇంటికి తిరిగి వస్తాడు. అందువల్ల నవలా పాఠకుడికి ఒక తీర్పు ముందే అందుతుంది: అనుభవించినవాడే, పరిణతి వచ్చాక, దాన్ని హానిగా కాక పోగొట్టుకున్న నిధిగా చూస్తున్నాడు. ఈ తీర్పును నమ్మకపోయే స్వేచ్ఛ పాఠకుడికి ఉంది. జ్ఞాపకం బంగారుపూత పూస్తుందని ఎవరికి తెలియదు? కానీ వాదించడానికి ఎదురుగా ఒక గొంతు ఉంది.

సినిమా ఆ గొంతును తీసివేసింది. స్వగతకథనం లేదు, ఇరవై ఏళ్ల తరువాతి పుటలు లేవు. కథ అదే ఏడాది శీతకాలంలో ఆగిపోతుంది. ఛాయాగ్రాహకుడు సయోంభు ముక్దీప్రోమ్ చిత్రమంతా ఒకే 35 మిల్లీమీటర్ల కటకంతో తీశాడు. మనిషి కంటిచూపుకు దగ్గరగా ఉండే ఆ ఏకరీతి దృష్టిలో గతం అన్న స్పృహే ఉండదు. అంతా ఇప్పుడే, ఇక్కడే జరుగుతున్నట్టు ఉంటుంది. కళగా అది గొప్ప నిర్ణయం. నైతికంగా దాని పర్యవసానం వేరు. ఈ అనుభవం తరువాత ఎలియో ఏమయ్యాడు అనే ప్రశ్నకు సినిమాలో జవాబు లేదు. పెద్ద ఎలియో కుర్చీ ఖాళీగా ఉంది. అందులో ప్రేక్షకుడు కూర్చుంటాడు. చిన్నతనంలో పెద్దవారి చేతిలో గాయపడిన ప్రేక్షకుడు కూర్చుంటే ఆలివర్ ఓపికంతా వలగా మారుతుంది. ఎవరూ దరిచేరనివ్వని ఒంటరి కౌమారాన్ని గడిపిన ప్రేక్షకుడు కూర్చుంటే అదే ఓపిక అనుగ్రహమవుతుంది. ఇద్దరూ సాక్ష్యం చెబుతున్నది తమ గురించి. ఆ సాక్ష్యాలు అబద్ధం కావు, కానీ వాటిలో ఏదీ ఎలియోది కాదు.

ఆలివర్ విషయంలో లోపం ఇంకా పెద్దది. ఎలియో మనస్సులోకి షాలమే ముఖం ద్వారా దారి ఉంది. ఆలివర్ లోపలికి దారి లేదు. అతను ఎందుకు వెనకాడాడు, ఎప్పుడు ఆ వెనుకంజ మానుకున్నాడు అన్నది సినిమా చూపదు. మొదటి రాత్రి కెమెరా మంచం నుంచి తిరిగి కిటికీ బయటి చెట్ల మీద వాలుతుంది. శరీరాన్ని చూపలేదని ఐవరీయే తరువాత అసంతృప్తి వెల్లడించారు. 'న్యూయార్కర్' విమర్శకుడు రిచర్డ్ బ్రోడీ ఆక్షేపణ వేరొకటి: ఈ ప్రేమికుల సాన్నిహిత్యం శుభ్రపరచి, ఖాళీ చేసి పెట్టినట్టుందని ఆయన అభిప్రాయం. ఈ రెండో ఆక్షేపణకే బరువు ఎక్కువ. చెట్లవైపు తిరిగిన కెమెరా శృంగారాన్ని దాచినందుకు చింతలేదు. నిర్ణయం తీసుకుంటున్న పెద్దవాడి ముఖాన్ని దాచినందుకు చింతించాలి. ఇరవై నాలుగేళ్లవాడు తన బాధ్యతను తూచుకునే ఆ ఒక్క క్షణం తెరమీద ఉండివుంటే, ప్రేక్షకులు వాదించుకోవలసిన చోటు వేరయ్యేది.

తండ్రి మాట, ఫోన్ మాట

ఆ తూకం పనిని సినిమా మరొకరికి అప్పగించింది. ఆలివర్ వెళ్లిపోయాక పర్ల్‌మన్ కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని చేసే ప్రసంగం అందరినీ కదిలించింది. బాధను త్వరగా చంపుకోవద్దని, దానితోపాటు ఆనందమూ చచ్చిపోతుందని ఆయన సారాంశం. తల్లిదండ్రుల నుంచి అలాంటి మాట ఎన్నడూ వినని ప్రేక్షకులకు అది కన్నీరు తెప్పించడంలో ఆశ్చర్యం లేదు. అయితే నిర్మాణపరంగా ఆ ప్రసంగం చేసే పని ఒకటుంది. పదిహేడేళ్లవాడి తరఫున పెద్దల అనుమతిని అది వెనకటి తేదీ వేసి మంజూరు చేస్తుంది. ఆలివర్ ఆయన ఎంపిక చేసి పిలిచిన శిష్యుడు, ఎలియో ఆయన కొడుకు. ఇద్దరికీ పెద్ద అయిన మనిషి, తనకు యౌవనంలో దక్కనిదాన్ని కొడుకు పొందాడన్న అసూయతో కలిసిన ఆనందంలో మాట్లాడతాడు. ఆయన ఉదారుడు, నిజమే. తటస్థుడు మాత్రం కాడు. ప్రేక్షకులు ఆ మాటలను తీర్పుగా స్వీకరించడానికి తొందరపడ్డారు.

హనుక్కా పండుగ రోజున వచ్చే ఫోన్ ఇంకో వయోభేదాన్ని బయటపెడుతుంది. తన పెళ్లి కబురు చెప్పిన ఆలివర్, ఎలియో అదృష్టవంతుడని, తన తండ్రి అయితే తనను దిద్దుబాటు కేంద్రానికి పంపేవాడని అంటాడు. ఏడేళ్లు పెద్దవాడైన అతను ఈ ఒక్క వాక్యంలో చిన్నవాడైపోతాడు. అతని దేశంలో పురుషుల మధ్య సంబంధాన్ని శిక్షించే రాష్ట్ర చట్టాన్ని సుప్రీం కోర్టు 1986లో కూడా సమర్థించింది. 2003లోగానీ ఆ తీర్పు తొలగిపోలేదు. ఆలివర్‌కు అనుభవం ఉంది, స్వేచ్ఛ లేదు. ఎలియోకు అనుభవం లేదు, స్వేచ్ఛ ఉంది. ఆక్షేపకులు మొదటి వాక్యంలో మొదటి సగాన్ని చూశారు, సమర్థకులు రెండో వాక్యంలో రెండో సగాన్ని చూశారు.

ఆసిమన్ 2019లో 'ఫైండ్ మీ' పేరుతో ఈ కథను కొనసాగించాడు. అందులో తండ్రి రైలులో పరిచయమైన, తన వయస్సులో సగమున్న స్త్రీని ప్రేమిస్తాడు. పెద్దవాడైన ఎలియో తనకన్నా ఎంతో పెద్దవాడైన మిషెల్‌కు చేరువవుతాడు. రచయిత దృష్టిలో వయోభేదం ఒక వేసవి యాదృచ్ఛికం కాదని, ప్రేమకు ఆయన ఊహించుకున్న ఆకృతే అదని ఆ పుస్తకం రుజువు చేస్తుంది. పెద్ద ఎలియో చివరకు దొరికాడని అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే అతను నవలాకారుడి ఎలియో. గ్వాదన్యీనో ఎలియో ఇంకా పొయ్యి ముందే కూర్చుని ఉన్నాడు. పేర్లు పడుతుంటాయి, వెనుక భోజనాల బల్ల సర్దుతుంటారు, మంట వెలుగు అతని ముఖం మీద ఆడుతుంటుంది. కన్నీరు, చిరునవ్వు, మళ్లీ కన్నీరు. తల్లి పేరు పెట్టి పిలుస్తుంది, అతను తల తిప్పుతాడు, తెర చీకటవుతుంది.